కంప్యూటర్‌ని బల్లకి కట్టండి, గది తలుపు తెరిచి ఉంచండి

ఎడిటర్ గారికి నమస్కారం.

లైబ్రరీలోనో కాలేజీ ల్యాబ్‌లోనో ఆసుపత్రి కౌంటర్ దగ్గరో కంప్యూటర్ పోయిందని తెలియగానే అందరి నోటా వచ్చే మొదటి ప్రశ్న "సీసీ కెమెరా లేదా?" అనే. ఉంటే ఫుటేజీ చూస్తారు, లేకపోతే పెట్టించమంటారు, అక్కడితో చర్చ అయిపోతుంది. పోయిన మెషిన్‌ని బల్లకి కట్టి ఉంచారా అని అడిగినవాళ్లని నేను ఇంతవరకూ చూడలేదు. జనం వచ్చిపోయే చోట్ల కంప్యూటర్లు చూసుకోవడమే చాలా ఏళ్లుగా నా ఉద్యోగం, అందుకని ఈ విషయంలో నాకు చిరాకు కాస్త ఎక్కువే, ఉత్తరం పొడుగైతే ఏమీ అనుకోకండి.

ఆఫీసులో కొత్త మొహం కనిపిస్తే "ఎవరు కావాలండీ" అని ఎవరో ఒకరు అడుగుతారు. లైబ్రరీలో అందరివీ కొత్త మొహాలే. ఎవరైనా రావచ్చు, ఎంతసేపైనా కూర్చోవచ్చు, బ్యాగుతో రావచ్చు, బ్యాగుతో పోవచ్చు, అసలు ఆ గది పెట్టిందే అందుకు. అక్కడ దొంగ గోడ దూకక్కర్లేదు, తాళం పగలగొట్టక్కర్లేదు, గుమ్మంలోంచి నడిచి వచ్చి ఓ కుర్చీ లాక్కుని కూర్చుని తీరిగ్గా చూసుకుంటాడు, ఏ మూల టేబుల్ కౌంటర్‌కి కనపడదో, అటెండర్ భోజనానికి ఎన్నింటికి లేస్తాడో, ఏ సిస్టమ్ వెనక వైర్లు వదులుగా ఉన్నాయో. కాబట్టి ఇళ్లకీ షాపులకీ చెప్పే జాగ్రత్తలు, అంటే గట్టి తలుపు, మంచి తాళం, రాత్రి కాపలా, ఇక్కడ సగమే పనికొస్తాయి. రాత్రి పోయేవి ఉంటాయి, కాదనను, కానీ గది తెరిచి ఉన్న వేళ పోయేవాటికి ఆ మూడూ ఏం చేస్తాయి?

ఇంకో రకం వాళ్లున్నారు, వాళ్లు దాక్కోవడం కూడా ఉండదు. మెడలో ఏదో ఐడీ కార్డు, చేతిలో స్క్రూడ్రైవర్, సరాసరి వచ్చి "సర్వీస్ నుంచి వచ్చామండీ, ఈ సిస్టమ్ రిపేర్‌కి తీసుకెళ్లమన్నారు" అంటారు. మన అటెండరే తలుపు పట్టుకుని నిలబడతాడు, బరువుగా ఉంటే తనూ ఓ చెయ్యి వేస్తాడు. దీనికి మందు చాలా చవక. సంతకం ఉన్న చీటీ లేనిదే ఏ వస్తువూ గడప దాటకూడదు, డైరెక్టర్ గారు స్వయంగా మోసుకెళ్తున్నా సరే. ఆ చివరి మాట ఊరికే అనలేదు. పెద్దవాళ్లకి మినహాయింపు ఇచ్చిన రూలు నాలుగు రోజులు కూడా నిలబడదు, గేటు దగ్గరున్న మనిషికి ఎవర్ని ఆపాలో ఎవర్ని వదలాలో తెలియక చివరికి అందర్నీ వదిలేస్తాడు.

ఇక కట్టడం సంగతి. చాలా ల్యాప్‌టాప్‌లకీ మానిటర్లకీ ప్రొజెక్టర్లకీ పక్కనో వెనకో ఒక సన్నటి కన్నం ఉంటుంది, 7 మి.మీ. పొడుగు, 3 మి.మీ. వెడల్పు. గాలి ఆడటానికి అనుకుంటారు కొందరు, స్పీకర్ అనుకున్నవాళ్లూ ఉన్నారు. అది తాళం వెయ్యడానికి. కెన్సింగ్టన్ అనే కంపెనీ 1990ల మొదట్లో ఈ తాళాన్ని తెచ్చింది, తర్వాత చాలా కంప్యూటర్ కంపెనీలు వరసపెట్టి ఆ కన్నం పెట్టాయి, అందుకే ఇప్పటికీ కెన్సింగ్టన్ స్లాట్ అనే అంటారు. స్టీలు తీగ చివర ఉన్న తాళానికి టీ ఆకారంలో చిన్న మొన ఉంటుంది, దాన్ని కన్నంలో పెట్టి తాళం వేస్తే ఆ మొన లోపల అడ్డం తిరిగి పట్టుకుంటుంది, చెవి లేకుండా మళ్లీ వెనక్కి తిరగదు. తీగ రెండో చివర ఒక ఉచ్చు ఉంటుంది. తీగని ముందు దేనికైనా చుట్టి ఆ ఉచ్చులోంచి తీసి, అప్పుడు తాళం వెయ్యాలి. ఆ "దేనికైనా" దగ్గరే మనవాళ్లు బోల్తా పడతారు.

ఎక్కడికెళ్లినా ఇదే సీను. తీగని టేబుల్ కాలికి చుట్టేసి ఉంటారు. టేబుల్ కాలు కిందికి పోనుపోను సన్నబడుతుంది, చివర ఓ రబ్బరు బూటు, అంతే. ఒక చేత్తో టేబుల్ మూలని రెండంగుళాలు లేపి, పాదంతో తీగని బయటికి జరిపితే ల్యాప్‌టాప్, తీగ, తాళం మొత్తం సెట్టుగా వచ్చేస్తుంది. చూపించమంటే చేసి చూపిస్తాను, బూటు విప్పక్కర్లేదు, నట్టు విప్పక్కర్లేదు. కాళ్ల మధ్య అడ్డకమ్మీ ఉన్న టేబుల్ అయితే కమ్మీకి పైగా చుట్టాలి, అప్పుడు కింది నుంచి జారదు. కమ్మీ లేకపోతే టేబుల్ పలకకి బెజ్జం వేసి, తీగ దూరేలా తల దగ్గర రింగు ఉండే ఐ బోల్ట్ దింపి, అడుగున పెద్ద వాషర్ వేసి నట్టు బిగించాలి, ఆ నట్టు వేళ్లతో తిరగకుండా ఓ చుక్క వెల్డింగ్ పెట్టించాలి. టేబుల్ కూడా తేలికైనదైతే దాన్ని గోడకో పక్క టేబుల్‌కో బిగించాలి. కార్పెంటర్‌ని పిలిస్తే ఒక పూటలో ఒక వరుస మొత్తం అయిపోయే పని ఇది. ఇంకో చోట చూసింది కూడా చెప్పాలి: అన్నీ పద్ధతిగా బిగించి, తాళాలు వేసి, తాళంచెవులు ఎక్కడైనా పోతాయేమోనని ఏ తాళం చెవిని ఆ తీగకే రబ్బరు బ్యాండుతో కట్టి పెట్టారు.

కేబుల్‌ని కట్టర్‌తో కోసేస్తారు కదా అని ప్రతి మీటింగులోనూ ఎవరో ఒకరు అంటారు, తీగ కొనకుండా ఉండటానికి అదొక కారణం. నిజమే, కోసేయొచ్చు. తాళం కూడా తియ్యొచ్చు, 2004లో గుండ్రటి చెవి ఉండే పేరున్న సైకిల్ తాళాల్ని మామూలు ప్లాస్టిక్ బిక్ పెన్నుతో తీసి చూపించారు, కంపెనీ వాటిని మార్చి ఇవ్వాల్సి వచ్చింది, ల్యాప్‌టాప్ తాళాల్లోనూ పాతవి చాలావరకు ఆ గుండ్రటి చెవి రకమే. అయినా కట్టమనే అంటాను. జనం ఉన్న గదిలో దొంగ చేతిలో ఉండేది ఓ అర నిమిషం. కట్టని ల్యాప్‌టాప్‌ని మూసి బ్యాగులో పెట్టుకోవడానికి అది ఎక్కువే. కట్టి ఉంటే కట్టర్ తెచ్చుకోవాలి, టేబుల్ కిందికి వంగాలి, చప్పుడు రావాలి, చుట్టూ ఉన్నవాళ్లు చూడాలి. కోపమొచ్చి లాగి పెరికితే కన్నం దగ్గర ల్యాప్‌టాప్ ఒళ్లు చీలిపోతుంది, చీలిన దాన్ని దొంగ సొత్తు కొనేవాడు కూడా అనుమానంగా చూస్తాడు. అంతకు మించి ఆ తాళం నుంచి నేనేమీ ఆశించను.

కొత్త సన్నటి మోడళ్లతో ఇంకో తలనొప్పి. కొన్నిటికి ఇంకా చిన్న కన్నం వస్తోంది, 6 మి.మీ. బై 2.5, నానో అంటారు, పాత తాళం దాంట్లో దూరదు. డెల్ మోడళ్లు కొన్నిటిలో కన్నం ఆకారమే వేరు. ఆపిల్ మ్యాక్‌బుక్‌లకి ఇప్పుడు అసలు కన్నమే లేదు. కాబట్టి తాళాలు టోకుగా కొనేముందు దయచేసి ఒక స్కేలు పట్టుకెళ్లి కొలవండి. కొని, పట్టక, బీరువా అడుగున పడేసిన తాళాల డబ్బాలు నా కళ్లతో చూశాను. కన్నం లేనివాటికి జిగురుతో అతికించే ఇనుప పలకలు దొరుకుతాయి, అవీ పర్లేదు, కానీ ప్యాకెట్ మీద రాసినంతసేపు ఆరనివ్వాలి, మనవాళ్లకి అంత ఓపిక ఉండదు, అతికించిన ఐదు నిమిషాలకే తీగ తగిలించి లాగి చూస్తారు.

డెస్క్‌టాప్ బరువు కదా, ఎవడు మోసుకెళ్తాడు అని ఒక ధీమా. మోసుకెళ్లక్కర్లేదు. ఒక ల్యాబ్‌లో పిల్లలు కొన్ని సిస్టమ్స్ బాగా స్లో అయ్యాయని చెప్తూ వచ్చారు. అక్కడివాళ్లు వైరస్ అనుకుని విండోస్ మళ్లీ వేశారు, తగ్గలేదు, ఇంకోసారి వేశారు. నన్ను పిలిచాక సీపీయూ సైడ్ ప్యానెల్ విప్పి చూస్తే ర్యామ్, అంటే పని నడిచేటప్పుడు కంప్యూటర్ వాడుకునే మెమరీ పట్టీ, పెట్టే రెండు స్లాట్లలో ఒకటి ఖాళీ. దాని చివర్లలో ఉండే తెల్ల క్లిప్పులు బయటికి వాలి ఉన్నాయి. బోర్డు మీదా ఫ్యాన్ మీదా దుమ్ము మెత్తగా పేరుకుపోయి ఉంటే ఆ స్లాట్ పొడుగునా మాత్రం నల్లటి గీత, శుభ్రంగా. పక్క మెషిన్ విప్పితే అదే కథ, దాని పక్కదీ అంతే. రెండిట్లో ఒక ర్యామ్ తీసుకుని ఒకటి వదిలేశాడు. మెషిన్ ఆన్ అవుతూనే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు, నెమ్మదిగా నడిస్తే కంప్యూటర్‌ని తిట్టుకుంటారు. తెలివైనవాడే, ఒప్పుకోవాలి. ఎప్పుడు పోయాయో, ఒక్కరోజే పోయాయో విడతలవారీగా పోయాయో కూడా చెప్పలేని పరిస్థితి, ఇంక పోలీసులకి ఏమని రాసిస్తారు?

డెస్క్‌టాప్ ర్యామ్ పొడుగు 13 సెంటీమీటర్ల పైచిలుకు. ఫైళ్లు దాచుకునే ఎం.2 ఎస్‌ఎస్‌డీ అనే సన్నటి పట్టీల్లో మామూలుగా వాడేది 22 మి.మీ. వెడల్పు, 80 మి.మీ. పొడుగు, చొక్కా జేబులో పెన్ను పక్కన పట్టేస్తుంది. పైగా ఇదేం కొత్త విద్య కాదు. 1993 జూలైలో జపాన్‌లో సుమితోమో కెమికల్ ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది, చిప్‌ల మీద పోతపోసే రెజిన్‌లో ప్రపంచానికి కావాల్సిన దాంట్లో పెద్ద వాటా అక్కడే తయారయ్యేది, దాంతో మెమరీ చిప్‌ల ధర ఒక్కసారిగా ఎగబాకింది. ఆ దశాబ్దంలోనే రాత్రిళ్లు ఆఫీసుల్లో దూరి, కంప్యూటర్లని అక్కడే వదిలేసి లోపలి చిప్‌లు మాత్రం పట్టుకుపోయే ముఠాలు బయల్దేరాయి. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు మళ్లీ భగ్గుమన్నాయి. దొంగలు ఈ వార్తలు మనకంటే ముందే చదువుతారు.

దీనికి కూడా పెద్ద ఏర్పాట్లేం అక్కర్లేదు. ఆఫీసుల కోసం అమ్మే డెస్క్‌టాప్‌లని వెనకవైపు చూడండి, చాలావాటికి కన్నమున్న చిన్న ఇనుప చెవి (తాళంచెవి కాదు, రింగు లాంటిది) ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. దానికో చిన్న కప్ప తాళం వేస్తే సైడ్ ప్యానెల్ ఊడిరాదు. స్టీలు తీగని కూడా ఆ తాళంలోంచే పోనిస్తే పెట్టె కదలదు, మూత తెరుచుకోదు, ఒక్క తాళంతో రెండు పనులు. ఏళ్ల తరబడి ఆ చెవి అలా ఖాళీగా ఉంటుంది, దేనికో ఎవరికీ తెలియదు. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే విండోస్ కంటే ముందు నడిచే బయోస్‌లో చాసిస్ ఇంట్రూజన్ అని ఇంకో సెట్టింగ్ ఉంటుంది, ఆ స్విచ్ ఉన్న మోడల్ అయితే మూత ఎవరైనా తెరిచాక మళ్లీ ఆన్ చేసినప్పుడు స్క్రీన్ మీద చెప్పేస్తుంది. దాన్ని ఆన్ చేసి బయోస్‌కి పాస్‌వర్డ్ పెట్టాలి. పాస్‌వర్డ్ లేకపోతే తీసినవాడే ఆ మెసేజీని కూడా తుడిచేసి పోతాడు.

మౌస్‌లు, కీబోర్డులు పోతే నేను పెద్దగా బాధపడను. వైరు ఉన్నవి కొని ఆ వైర్లని తాళం వేసిన తీగ ఉచ్చులోంచే లాగితే సరిపోతుంది. వైర్‌లెస్ మౌస్‌ని పబ్లిక్ గదిలో పెట్టడమంటే పంచిపెట్టడమే.

కెమెరాల మీద నాకు కక్షేం లేదు, వాటిని మాత్రమే నమ్ముకుంటే దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు ఉంటుందని నా బాధ. పెట్టేదేదో పనికొచ్చేలా పెట్టాలి కదా. కప్పు మీంచి కిందికి చూసే కెమెరాలో కనిపించేది టోపీ, నడినెత్తి, బ్యాగు. మనిషిని గుర్తుపట్టాలంటే మొహం కావాలి, అందుకు కనీసం ఒక కెమెరా అయినా బయటికెళ్లే గుమ్మం దగ్గర, మనిషి ఎత్తుకి దగ్గర్లో, లోపలివైపు చూస్తూ ఉండాలి. గుమ్మంవైపు తిప్పి పెడితే బయటి ఎండ వెనక నుంచి కొట్టి అందరూ నల్లటి బొమ్మల్లా పడతారు. రికార్డు చేసే డీవీఆర్‌లో గడియారం సరిగ్గా ఉందో లేదో చూసేవాళ్లు అరుదు, ఏదో ఒకరోజు కరెంటు పోయి టైము మారిపోతుంది, తర్వాత ఎవరో అడిగేదాకా అలాగే నడుస్తుంది. హార్డ్‌డిస్క్ నిండగానే పాతదాని మీదే కొత్తది ఎక్కుతుంది కాబట్టి ఆలస్యంగా బయటపడిన దొంగతనానికి ఫుటేజీ ఉండదు, ఆ ర్యామ్‌ల ల్యాబ్‌లో జరిగిందదే, కెమెరాలు నాలుగు మూలలా ఉన్నాయి, చూడటానికి మాత్రం ఏమీ లేదు. ఇంకా ఆ డీవీఆర్‌ని కౌంటర్ టేబుల్ కిందే పెడతారు, దొంగ పోతూ పోతూ దాన్ని కూడా సంకన పెట్టుకుని పోవడానికి వీలుగా. దాన్ని వేరే గదిలో తాళం వేసిన పెట్టెలో పెట్టాలని చెప్పడానికి నిపుణులు రానక్కర్లేదు.

కెమెరా కంటే ముందుగా అరిచేది ఒకటి చాలాచోట్ల ఇప్పటికే ఉంది, ఎవరూ వాడరు. కంప్యూటర్లన్నీ లాన్ (నెట్‌వర్క్) వైర్లతో ఒక స్విచ్‌కి, అంటే ఆ వైర్లన్నీ వచ్చి చేరే డబ్బాకి, కలిసి ఉంటాయి. సెట్టింగులు మార్చుకోగలిగే మేనేజ్డ్ స్విచ్ అయితే ఏ పోర్టు వైరు ఊడినా దానికి ఆ క్షణంలోనే తెలుస్తుంది, కౌంటర్ దగ్గరున్న సిస్టమ్‌కి మెసేజ్ పంపేలా పెట్టుకోవచ్చు. ఎవరైనా మామూలుగా షట్‌డౌన్ చేసినా అరుస్తుంది కదా అంటారా, కంప్యూటర్‌లో వేక్ ఆన్ లాన్, అంటే నెట్‌వర్క్ వైరు ద్వారా దాన్ని దూరం నుంచి లేపే సదుపాయం, ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అయ్యాక కూడా పోర్టు లైటు ఒకసారి ఆరి మళ్లీ వెలుగుతుంది, వైరు పీకేస్తే ఆరింది ఆరినట్టే ఉంటుంది. కరెంటు పోతే అన్నీ ఒకేసారి ఆరతాయి. నెట్‌వర్క్ చూసే కుర్రాడికి ఒక పూట పని ఇది, అడగాలి అంతే.

రిజిస్టర్ గురించి రాయకుండా ఉండలేను, ఎందుకంటే అసలు దెబ్బ తినేది ఇక్కడే. వస్తువు పోయాక పోలీసు స్టేషన్‌లో మొదట అడిగేది సీరియల్ నంబరు. మన దగ్గరుండేది "డెస్క్‌టాప్ కంప్యూటర్లు, నలుపు రంగు" అనే లైను. తర్వాత ఎక్కడో ఓ గోడౌన్‌లో కొన్ని కంప్యూటర్లు దొరికాయనుకోండి, అవి మనవేనని ఎలా నిరూపిస్తారు? నలుపు రంగని చెప్తారా? కొన్నరోజే డబ్బా మీది స్టిక్కర్ కాకుండా మెషిన్ ఒంటి మీదున్న నంబరు చూసి రాసుకోవాలి, డబ్బాలు తారుమారవుతాయి. ర్యామ్ ఎంత, ఎస్‌ఎస్‌డీ ఎంత అనేవి కూడా రాసి, ఫోన్‌తో ఓ ఫోటో తీసి, ఆ కాపీని ఆ కంప్యూటర్లలోనే కాకుండా వేరేచోట దాచాలి. ఇది నవ్వులాట కాదు, స్టాకు రిజిస్టరు పోయిన ల్యాప్‌టాప్‌లోనే ఉన్న సందర్భాలున్నాయి.

మెషిన్ మీద సంస్థ పేరుని ఎన్‌గ్రేవర్‌తో చెక్కించడం నా దృష్టిలో తాళం తర్వాత అంత పనికొచ్చే పని. కాగితం స్టిక్కర్ గోరుతో ఊడుతుంది. చెక్కిన అక్షరాలు పోవాలంటే ప్లాస్టిక్‌నే గీకాలి, గీకిన మచ్చ ఇంకా గట్టిగా సాక్ష్యం చెప్తుంది. అందం పాడవుతుందని కొందరు పెద్దలు ఒప్పుకోరు, అడుగుభాగంలో ఎక్కడో చిన్నగా రాయించమంటారు. మూత మీదే పెద్దగా రాయించండి. ఎవరూ కొనబుద్ధి కానంత వికారంగా ఉంటే మరీ మంచిది.

పోయింది పెట్టె మాత్రమే అయితే ఇంకో పెట్టె కొనుక్కుంటాం. కౌంటర్ల దగ్గర, ముఖ్యంగా ఆసుపత్రుల్లో, రిజిస్ట్రేషన్ జరిగే కంప్యూటర్‌లో జనం పేర్లు, ఫోన్ నంబర్లు, జబ్బులు ఉంటాయి. 2006 మేలో అమెరికాలో మాజీ సైనికుల వ్యవహారాల శాఖ ఉద్యోగి ఇంట్లోంచి ఒక ల్యాప్‌టాప్, ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డ్రైవ్ పోయాయి, వాటిలో 2 కోట్ల 65 లక్షల మంది వివరాలున్నాయి. ఆ వస్తువులు కొద్ది వారాల్లోనే దొరికాయి, డేటాని ఎవరూ ముట్టుకున్నట్టు లేదన్నారు, అయినా దావాలు నడిచి 2009లో ఆ శాఖ 2 కోట్ల డాలర్లకి రాజీ చేసుకోవాల్సి వచ్చింది. అది పబ్లిక్ చోటు కాదు, ఇల్లే, కానీ ఇంట్లో ఉన్నదానికే అలా అయితే నలుగురూ మోచేతులు ఆనించే కౌంటర్ మీద ఉన్నదాని సంగతేంటి? విండోస్ ప్రో ఎడిషన్లలో డిస్క్‌లోని డేటాని బయటివాళ్లు చదవలేకుండా చేసే బిట్‌లాకర్ ఉంటుంది, విడిగా కొనక్కర్లేదు, ఆన్ చేసి రికవరీ కీ వేరేచోట భద్రం చేసుకుంటే చాలు, దొంగకి దొరికేది ఇనుమూ ప్లాస్టిక్కే. ఫీడ్‌బ్యాక్ కోసమని పెట్టే ఐప్యాడ్‌లకైతే యజమాని పాస్‌వర్డ్ లేనిదే మళ్లీ వాడనివ్వని యాక్టివేషన్ లాక్ 2013 నుంచీ ఉంది, దాన్ని ఆన్ చెయ్యకుండా స్టాండులో నిలబెట్టే వాళ్లని ఏమనాలో నాకు తెలియదు.

సొంత ల్యాప్‌టాప్‌లు తెచ్చుకుని చదువుకునేవాళ్లకి ఒక్కమాట, బాత్రూంకి లేచేటప్పుడు పక్కనున్న మనిషితో "కాస్త చూస్తుంటారా" అని నోరు తెరిచి అడగండి. మొహమాటపడకండి. 1970ల్లో థామస్ మొరియార్టీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త న్యూయార్క్ దగ్గర బీచిలో ఒక ప్రయోగం చేశాడు. ఒక మనిషి దుప్పటి మీద రేడియో వదిలేసి వెళ్తాడు, దొంగ వేషంలో ఇంకో మనిషి వచ్చి తీసుకుంటాడు. ఊరికే వేరే ఏదో అడిగి వెళ్లినప్పుడు పక్కవాళ్లలో నూటికి ఇరవై మందే దొంగని అడ్డుకున్నారు. వస్తువు చూస్తుండమని అడిగి వెళ్లినప్పుడు నూటికి 95 మంది. ముక్కూమొహం తెలియనివాళ్లే, అడిగినందుకు వెంటపడి మరీ ఆపారు. దీన్ని బట్టి నాకనిపించేది, లైబ్రరీ గోడల మీద "మీ వస్తువులకు మీరే బాధ్యులు" అని రాసే బదులు "పక్కవారిని చూస్తుండమని అడగండి" అని రాస్తే ఎంతో కొంత లాభం ఉంటుంది. మొదటి బోర్డు వల్ల లాభపడేది యాజమాన్యం ఒక్కటే.

సిబ్బంది సంగతికొస్తే, ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, లోపలివాళ్ల చెయ్యి ఉన్న కేసులు లేవని నేను అనను. కానీ వస్తువు పోగానే ఆ రోజు డ్యూటీలో ఉన్న అటెండర్ జీతంలో కోత వెయ్యడం అన్యాయం, పైగా తెలివితక్కువ పని. ఒక మనిషి పుస్తకాలిస్తూ, ప్రింట్లు తీస్తూ, వచ్చినవాళ్లకి దారి చెప్తూ, కట్టని మెషిన్లన్నిటికీ కాపలా ఎలా కాస్తాడు? జీతం కోస్తారని భయం ఉన్నచోట ఇంకోటి జరుగుతుంది, ర్యామ్ పోయిందని ముందు గమనించినవాడు నోరు మూసుకుంటాడు, తన షిఫ్టులో బయటపడకుండా చూసుకుంటాడు. మూసేటప్పుడు ఒకసారి, తెరిచేటప్పుడు ఒకసారి మెషిన్లు లెక్కపెట్టి కాగితం మీద టిక్కులు పెట్టే అలవాటు, పోయిందని వెంటనే చెప్పినవాడిని తిట్టకుండా ఉండే అలవాటు, ఈ రెండూ ఉంటే ఎప్పుడు పోయిందో కనీసం ఆ రోజైనా తెలుస్తుంది. తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయో రాసి ఉండాలి, ఉద్యోగం మానేసి వెళ్లినవాడి దగ్గర ఓ చెవి ఉండిపోతే ఆ తాళం మార్చేయాలి. రంగులు వేయించేటప్పుడు, గదులు మార్చేటప్పుడు కంప్యూటర్లని వరండాలో పేర్చి వదిలేస్తుంటారు, ఆ నాలుగైదు రోజులకి ప్రత్యేకంగా ఒక మనిషిని పెట్టాల్సిందే, వేరే దారి లేదు.

అసలు నన్ను ఈ ఉత్తరం రాయించింది మాత్రం దొంగలు కాదు, దొంగతనం తర్వాత పెద్దలు చేసే పని. నేను పనిచేసిన ఒకచోట జనం ఉచితంగా వాడుకునే కంప్యూటర్ గది ఉండేది. ఉద్యోగాలకి అప్లై చేసుకునేవాళ్లు, మార్కుల లిస్టులు ప్రింటు తీసుకునేవాళ్లు, ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలు, సాయంత్రమైతే కుర్చీ దొరికేది కాదు. రెండు మానిటర్లు, ఒక సీపీయూ పోయాయి. విచారణ జరిగే వరకు అని గదికి తాళం వేశారు. విచారణ ఎప్పుడు మొదలైందో తెలియదు, తాళం మాత్రం అలాగే ఉంది. ఈలోగా యూపీఎస్ బ్యాటరీలు ఛార్జింగ్ లేక ఉబ్బాయి, ఎలుకలు వైర్లు కొరికాయి, మెషిన్లు అప్‌డేట్లు లేక పాతబడ్డాయి. దొంగ ఎత్తుకుపోయింది మూడు వస్తువులు, మిగతావన్నీ ఆ తాళమే మింగేసింది. ఆ గది మీద ఆధారపడ్డ జనానికి క్షమించండని కూడా ఎవరూ చెప్పలేదు, "దుర్వినియోగం కారణంగా మూసివేయబడినది" అని బోర్డు పెట్టారు, తప్పు వాడుకున్నవాళ్లదైనట్టు.

ఇలాంటి గదులు ఇంకా చాలా ఉన్నాయి. వాటిని మళ్లీ తెరవడానికి అన్నీ ఒకేసారి సిద్ధం కావాలని కూర్చోకండి. కౌంటర్‌కి ఎదురుగా ఉన్న ఒక్క వరుసకి ముందు తీగలూ కప్ప తాళాలూ వేయించి, స్క్రీన్లు కౌంటర్‌వైపుకి కనిపించేలా తిప్పి, ఆ నాలుగైదు మెషిన్లతో సోమవారం నుంచే జనాన్ని రానివ్వొచ్చు. వెనక వరుసల్లోవి కార్పెంటర్ వచ్చేదాకా మూల గదిలో తాళం వేసి ఉంచండి, ఒక్కో వరుస బిగించినకొద్దీ బయటికి తెచ్చుకోవచ్చు. కొత్త మెషిన్లకి ఆర్డర్ రాసేటప్పుడే స్లాట్, ఇనుప చెవి, తీగ, తాళం, బోల్టులు అన్నీ అదే కాగితంలో రాసెయ్యండి, విడిగా తర్వాత అడిగితే ఆ ఫైలు కదలదు.

ఇట్లు,
కంప్యూటర్ ల్యాబ్‌లు చూసుకునే ఒక టెక్నీషియన్, మీ పాఠకుడు